పీత డిప్పలో అన్నం

ఎండు చేపల వాసన పట్టుకుని వెళ్ళి నేను స్నేహం చేసుకున్న మనిషి ఈ ప్రపంచంలో ఒక్కతే ఉంది.

అప్పట్లో మేం అరిజోనాలో, చాండ్లర్‌లో ఉండేవాళ్ళం. ఎనభైల మొదట్లో అక్కడ మా వీధి దాటితే అన్నీ పత్తి చేలే. కంప్యూటర్ చిప్పులు చేసే ప్లాంట్‌లో మా ఆయనకు ఉద్యోగం. నేనేమో నర్సాపురం అవతల సముద్రపు గాలి పీల్చి పెరిగినదాన్ని. సూపర్‌మార్కెట్‌లో అట్టపెట్టెల్లో గడ్డకట్టించి అమ్మే తెల్లటి ముక్కలకు తల ఉండేది కాదు, తోక ఉండేది కాదు, ముల్లు అసలే ఉండేది కాదు. వాటిని చేపలు అనడానికి నాకు నోరు రాలేదు. మా ఆయన మాత్రం శుభ్రంగా ఉన్నాయి కదా అని మెచ్చుకుంటూ తినేవారు. ఆయనది కడప. చేప సంగతి ఆయనకేం తెలుస్తుంది?

ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గోడ అవతలి నుంచి ఎండు చేప వాసన గుప్పుమంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతిలో దుప్పటి పడేసి, కుర్చీ లాక్కుని, దాని మీదెక్కి తొంగిచూశాను. పక్కింటి బట్టల తీగకు క్లిప్పులు పెట్టి వరసగా చేపలు వేలాడదీసి ఉన్నాయి. కింద ఒక చిన్న వయసు అమ్మాయి నిలబడి ఈగలు తోలుతోంది. నన్ను చూసి హడలిపోయింది. అప్పటికే అవతలి ఇంటివాళ్ళు వచ్చి గొడవ చేసి వెళ్ళారట.

“సారీ, సారీ, ఇప్పుడే తీసేస్తా” అంది.

“తీశావంటే ఊరుకోను. నాకొకటి ఇలా ఇవ్వు” అన్నాను.

అలా మొదలైంది. ఆమెది కొరియా. అక్కడ పనిచేసిన ఒక అమెరికన్ సైనికుణ్ణి పెళ్ళి చేసుకుని, డెబ్బైల చివర్లో అతనితో వచ్చేసింది. వాళ్ళ ఊరివాళ్ళ దృష్టిలో అది లేచిపోవడంతో సమానం. తండ్రి లేడు. తల్లి ఒక దీవిలో, పడవల రేవు పక్కన చిన్న హోటల్ పెట్టుకుని తనే వండి వడ్డించేది. కూతురు వెళ్ళేరోజు, “నా గడప మళ్ళీ తొక్కొద్దు” అందట. ఆ మాటే ఆఖరు. ఈ పిల్ల పంపిన ఫోటోలకు, పార్సెళ్ళకు జవాబు లేదు. ఇవన్నీ మిరపకాయలు ఎండబెట్టుకుంటూ గోడకు అటూ ఇటూ నిలబడి చెప్పుకున్న సంగతులు. ఆమె నన్ను ‘ఆన్నీ’ అనేది. వాళ్ళ భాషలో అక్క అని. నేను ‘అమ్మాయ్’ అనేదాన్ని. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషే అయినా నాకు కోపం వస్తే తెలుగే వచ్చేది. ఆ తెలుగంతా ఆమెకు అర్థమైపోయేది.

ఒక ఏడాది మే నెలలో కంపెనీవాళ్ళు మా ఆయన్ని కొన్ని వారాలు సియోల్ పంపిస్తున్నారని తెలిసి, నేనూ వస్తానని పేచీ పెట్టాను. ఆ మాట అమ్మాయికి చెప్పాను. మర్నాడు గోడ దగ్గరికి వచ్చి, “నేను కూడా టికెట్ బుక్ చేశా” అంది.

“అమ్మ దగ్గరికా?”

“ఒక్కదాన్నే వెళ్తే అమ్మ డోర్ వేసేస్తుంది ఆన్నీ. గెస్ట్‌ని తీసుకెళ్తే వెయ్యదు. మా దగ్గర గెస్ట్ ముందు అలా చెయ్యరు.”

“అంటే నన్ను అడ్డం పెట్టుకుని దూరుదామని!”

“ఎస్” అంది, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

“సరే, వస్తా. కానీ నాకు పీతలు తినిపించాలి. కడుపు నిండా” అన్నాను. అదీ మా ఒప్పందం.

వెళ్ళింది ఆదివారం. చర్చిలో ఆరాధన ఎగ్గొట్టి ఊళ్ళు తిరగడానికి పోతున్నావా అని మా ఆయన హోటల్ గదిలో టై కట్టుకుంటూ దెప్పారు. ఆయన ఆదివారం కూడా మీటింగ్‌కే పోతున్నారు, ఆ సంగతి మాత్రం గుర్తుచేస్తే కోపం. నేను చీర మీద ఆయన స్వెట్టర్ తొడుక్కుని, కాళ్ళకు టెన్నిస్ బూట్లు వేసుకుని బయల్దేరాను. బస్సులో అందరూ నన్నే చూశారు. నేనూ వాళ్ళని చూశాను, అంతటితో సరిపోయింది.

దీవి పేరు గంగ్వా. వంతెన దాటితే వచ్చేస్తుంది. బస్సు దిగగానే తిన్నగా రేవుకే పోతామనుకుని నేను ఆకలితో సిద్ధంగా ఉన్నాను.

“ఆన్నీ, ఫస్ట్ టెంపుల్ చూద్దాం. చాలా ఓల్డ్ టెంపుల్” అంది అమ్మాయి.

సరే, అంత దూరం వచ్చాం కదా అని వెళ్ళాం. గుడి బాగుంది, కాదనను. పాత కోటగోడ, పెద్ద పెద్ద చెట్లు, మధ్యలో రంగురంగుల దూలాల కప్పు. అమ్మాయి నన్ను ఒక మూలకు తీసుకెళ్ళి చూరు కిందకి వేలు చూపించింది. అక్కడ ఒక బొమ్మ గొంతుక్కూర్చుని కప్పు బరువంతా నెత్తి మీద మోస్తోంది. నాలుగు మూలలా అలాంటివే. ఈ గుడి కట్టిన వడ్రంగి ఒక పూటకూళ్ళమ్మ మీద మనసుపడి, కూలి డబ్బులన్నీ ఆమె దగ్గర దాచాడట. ఆమె కాస్తా ఎవరితోనో ఉడాయించింది. అతను కడుపు మండి, కలకాలం ఈ కప్పు మోస్తూ పడుండమని ఆమె బొమ్మని చెక్కి అక్కడ కూర్చోబెట్టాడట.

“మా అమ్మకి కార్పెంటర్ దొరికి ఉంటే ఐదో బొమ్మ నాది” అంది అమ్మాయి.

ఇద్దరం పగలబడి నవ్వాం. ఒక సన్యాసి తిరిగి చూసేసరికి నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నాను. తీరా చూస్తే ఆ పిల్ల ఎప్పుడో నవ్వడం ఆపేసి, ఆ బొమ్మకేసే చూస్తూ నిలబడి ఉంది.

“పద, మీ అమ్మ దగ్గరికి” అన్నాను.

“ఫస్ట్ కొండ” అంది.

కొండ ఎందుకని అడిగితే, దాని కొసన పూర్వం రాజులు ఆకాశానికి పూజ చేసిన రాతి తిన్నె ఉందనీ, అక్కడినుంచి సముద్రం కనిపిస్తుందనీ చెప్పింది. సముద్రం చూడ్డానికి కొండెక్కడం ఏమిటి, ఒడ్డుకు పోతే చాలదా? ఈ ముక్క నాకు మొదటి మలుపులో తట్టి ఉంటే బాగుండేది. సగం కొండెక్కాక తట్టింది. అప్పటికి నా మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. ఒక్కో మెట్టూ ఒక్కో ఎత్తు. ఆ రాజులు పొడుగు మనుషులై ఉండాలి. నేను రాయి మీద చతికిలబడి కొండనీ, రాజుల్నీ, మా ఆయన స్వెట్టర్నీ, అమ్మాయినీ వరసపెట్టి తెలుగులో తిట్టాను.

అప్పుడే వెనకనుంచి ఒక ముసలమ్మల గుంపు వచ్చింది. అందరూ మా అమ్మమ్మ ఈడువాళ్ళు. ఎండ టోపీలు, వీపున సంచులు, బుగ్గలు ఎర్రగా. మేకపిల్లల్లా ఎక్కేస్తున్నారు. నన్ను చూసి చుట్టూ మూగారు. ఒకామె చీర గుడ్డ వేళ్ళతో నలిపి చూసి మెచ్చుకుంది. ఇంకొకామె సంచిలోంచి దోసకాయ తీసి, పుటుక్కున విరిచి, సగం నా చేతిలో పెట్టింది. ముక్కూ మొహం తెలియని మనిషికి కొండ మీద దోసకాయ పెట్టడం అక్కడి మర్యాదట. అంత కమ్మటి దోసకాయ నేనెప్పుడూ తినలేదు. తిన్నాక వాళ్ళు నన్ను వదల్లేదు. ఒకామె ముందునుంచి చెయ్యి పట్టి లాగుతూ, ఒకామె వెనకనుంచి నడుం మీద చెయ్యి వేసి తోస్తూ, బియ్యం బస్తాని అటక ఎక్కించినట్టు నన్ను పైకి చేర్చారు. చేర్చి, అందరూ చప్పట్లు కొట్టారు. నాకు అవమానం వెయ్యలేదు సరికదా, పండగలా అనిపించింది.

పైన గాలి తగిలింది. కింద సముద్రం పాటు మీద ఉంది. నీళ్ళు ఎంతో దూరం లాగేసి, బూడిదరంగు బురద నేల మెరుస్తోంది. దాంట్లో చుక్కల్లా ఆడవాళ్ళు వంగి ఏవో ఏరుతున్నారు. మా ఊళ్ళోనూ ఇంతే. పాటు తియ్యగానే కొంగు బిగించి బురదలోకి దిగేవాళ్ళం. చాండ్లర్ వెళ్ళాక ఇన్నేళ్ళలో నాకు అంత సంతోషం వేసిన పూట ఇంకొకటి లేదు.

“అదిగో” అంది అమ్మాయి. రేవు పక్కన రేకుల కప్పులు. “అందులో నీలం రంగుది.”

చాలాసేపు అటే చూసింది. తర్వాత గడియారం చూసుకుని, “లేట్ అయింది ఆన్నీ. సియోల్ బస్ మిస్ అవుతామేమో. నెక్స్ట్ టైమ్ వద్దాం” అంది.

గుడి ఎందుకో, కొండ ఎందుకో అప్పుడు అర్థమైంది నాకు. పొద్దుట్నుంచీ ఈ పిల్ల నాకు ఊరు చూపించడం లేదు. తల్లి గుమ్మం వాయిదా వేసుకుంటోంది. తలుపు వేసేస్తే ఇక మళ్ళీ వచ్చే దారి ఉండదు. వెళ్ళకుండా ఉంటే కనీసం ఆశ అయినా మిగులుతుంది. జాలి వేసింది, దాని వెనకే కోపమూ వచ్చింది.

“ఏవిటే నువ్వనేది? సముద్రాలు దాటొచ్చి, నా మోకాళ్ళు అరగదీయించి, ఇప్పుడు బస్సంటావా? నాకు పీతలు కావాలి. నువ్వు రాకపోతే మానెయ్. నేనే పోయి ఆ నీలం రేకుల కింద కూర్చుంటా” అని, నిజంగానే దిగడం మొదలుపెట్టాను. దిగడం నాకు బాగానే వచ్చు. కాసేపటికి వెనకాల అడుగుల చప్పుడు వినబడింది.

రేవులో తొట్ల నిండా చేపలు, రొయ్యలు, ఆల్చిప్పలు. నేను ఏ దేశంలో ఉన్నానో మర్చిపోయాను. చేపల మొప్పలు ఎత్తి ఎరుపు చూశాను, పొట్ట నొక్కి చూశాను. అమ్మే ఆడవాళ్ళు ఒకరినొకరు పొడుచుకుని నవ్వారు. పీతల తొట్టి దగ్గర కూర్చుని ఒక్కోదాన్నే వెల్లకిలా తిప్పాను. పొట్ట కింద పలక సన్నగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. ఆ నెలలో గుడ్లుండేది ఆడదానికే. నాలుగు మంచివి ఏరి పక్కన పెట్టేసరికి, ఒక చెయ్యి వచ్చి అందులో ఒకదాన్ని తీసి తొట్టిలో పారేసింది.

తలెత్తి చూస్తే ముసలావిడ. నడుముకి గుడ్డ, కాళ్ళకి రబ్బరు బూట్లు. ఆవిడ పారేసినదాన్ని నేను మళ్ళీ తీశాను. ఆవిడ మళ్ళీ లాక్కుని, దాని కాలు నొక్కి, లోపల కండ లేదన్నట్టు పెదవి విరిచింది. నేను తెలుగులో, ఆవిడ కొరియాలో కాసేపు హోరాహోరీగా వాదించుకున్నాం. చివరికి ఆవిడ తొట్టి అడుగునుంచి ఒకదాన్ని తీసి నా చేతిలో పెట్టింది. రాయిలా బరువుగా ఉంది. ఆవిడే గెలిచిందని ఒప్పుకుని నవ్వాను. ఆవిడా నవ్వింది. ఆ నవ్వుతోనే నా వెనకాలకి చూసింది.

నవ్వు అలాగే ఆరిపోయింది. ఆవిడెవరో నాకు ఒకరు చెప్పక్కర్లేకపోయింది.

తల్లీ కూతుళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూస్తూ నిలబడ్డారు. నేను పీత పట్టుకుని మధ్యలో నిలబడ్డాను. ముసలావిడ ఏదో చిన్న మాట అని, వెనుదిరిగి నీలం రేకుల కిందకి నడిచింది. “లోపలికి రండి” అందట, కొత్తగా వచ్చిన గిరాకీతో అన్నట్టు. తలుపు మాత్రం తీసే ఉంచింది.

లోపల చాప మీద పొట్టి బల్ల. మధ్యాహ్నం దాటింది కాబట్టి వేరే ఎవరూ లేరు. ముసలావిడ గిన్నె మీద గిన్నె తెచ్చి పెట్టింది. చివరికి మేం ఏరిన పీతల పులుసు పొయ్యి మీదనుంచి సలసలమంటూ తెచ్చి, నడుమ పెట్టి, అతిథికి తోడుగా తనూ కూర్చుంది. మాట్లాడినదంతా నాతోనే. అమ్మాయి వంచిన తల ఎత్తకుండా నాకు ఇంగ్లీషులో చెప్పేది. దేశం ఏది, పిల్లలెందరు, మీ సముద్రంలో పీతలు ఇంతుంటాయా? కూతుర్ని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇక్కడే నా తిప్పలు మొదలయ్యాయి. అందరం ఒకే గిన్నెలో చెంచాలు ముంచాలి. ముసలావిడ ముంచింది, నోట్లో పెట్టుకుంది, మళ్ళీ అదే చెంచా ముంచింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఎంగిలి! మా ఇంట్లో మా నాన్న గ్లాసు కూడా మేం ముట్టుకునేవాళ్ళం కాదు. చర్చిలో బల్ల దగ్గర అందరూ ఒకే పాత్రలోంచి ద్రాక్షరసం తాగడంలేదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నోరు ఒప్పుకోలేదు. అది వేరు, ఇది వేరు అంది. గబగబా నా వాటా నా గిన్నెలోకి తోడేసుకుని, ఆకలి ఎక్కువైనదానిలా నటించాను.

అలా తింటూ ఒకటి గమనించాను. అమ్మాయి చెంచా పులుసులో ముంచగానే తల్లి తన చెంచా కింద పెట్టేసింది. మళ్ళీ ముట్టుకోలేదు. ఓహో, వీళ్ళకీ ఎంగిలి పట్టింపు ఉందన్నమాట అని నాకు కొంత ధైర్యం వచ్చింది. అమ్మాయి మొహం చూశాక ఆ ధైర్యం పోయింది. నాతో ఒకే గిన్నెలో ముంచడానికి లేని పట్టింపు కూతురు ముంచితే వచ్చిందంటే, అది ఎంగిలి సంగతి కాదు.

అప్పుడు ముసలావిడ లేచి, జాడీలో సోయా రసంలో ఊరేసిన పీతని తెచ్చింది. పై డిప్ప విప్పి, దాని నిండా ఉన్న నారింజరంగు గుడ్ల మీద వేడన్నం వేసి, కలిపి, రెండు చేతులతో నా ముందు పెట్టింది. నా ప్రాణం లేచొచ్చింది. మా అమ్మ కూడా పీతల కూర వండిన రోజు డిప్పలో ఇలాగే అన్నం కలిపేది. కానీ మా ఇంట్లో దానికొక లెక్కుంది. ఆ డిప్ప మగవాళ్ళకి పెట్టరు, చుట్టాలకి పెట్టరు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకి పెడతారు. ఆడపిల్ల ఎదురుగా ఉండగా ఇంకొకరు దాన్ని ముట్టుకోవడమనేది మేం ఎరగం.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. డిప్ప ఉన్న పళ్ళాన్ని అలాగే అమ్మాయి ముందుకి జరిపాను.

ఇల్లంతా చల్లబడిపోయింది. ముసలావిడ నన్నూ, పళ్ళాన్నీ చూసి, వంటగదిలోకి వెళ్ళిపోయింది.

“ఏం చేశావు ఆన్నీ?” అంది అమ్మాయి. “పెద్దవాళ్ళు చేత్తో ఇచ్చింది కాదంటే ఎంత ఇన్సల్టో తెలుసా? నీకు అసహ్యం అనుకుంటుంది. నీతోనే కదా మాట్లాడుతోంది! ఇప్పుడు నీతో కూడా మాట్లాడదు. ఇంక అయిపోయింది.”

“అసహ్యమా! మా ఊళ్ళో అది పుట్టింటికొచ్చిన కూతురి వాటానే. వెళ్ళి మీ అమ్మకి ఆ మాట చెప్పు.”

“నేనెలా చెప్తాను?” అంది. “కూతురి వాటా అని నేనెలా అడుగుతాను?”

నిజమే. ఆమె తన నోటితో అనగలిగే మాట కాదది. నేను పళ్ళెం పట్టుకుని వంటగదిలోకి వెళ్ళాను. ముసలావిడ అప్పటికే శుభ్రంగా ఉన్న గిన్నెని తోముతోంది. నాకు వచ్చిన కొరియా మాటలు రెండో మూడో. ఇక సిగ్గు పక్కన పెట్టాను. నన్ను చూపించుకుని, గుండె మీద చెయ్యి వేసి, మా అమ్మ అన్నాను. కొంగు నెత్తిన వేసుకుని, నడుం వంచి, మా అమ్మలా నడిచాను. డిప్పలో అన్నం కలుపుతున్నట్టు చేసి, గుమ్మంలో కూతురు దిగినట్టు చేసి, డిప్ప ఆ కూతురి చేతిలో పెట్టాను. చుట్టం చెయ్యి చాపితే ఫట్‌మని కొట్టాను. నా చేతిని నేనే కొట్టుకున్నాను. తర్వాత ముసలావిడ పొట్టనీ, బయట కూర్చున్న అమ్మాయినీ చూపించి, పళ్ళెం ఆవిడ చేతుల్లో పెట్టేశాను.

ఆవిడ దాన్ని పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంది. పళ్ళెం తీసుకుని బయటికి వచ్చి, కూతురి ముందు కొంచెం గట్టిగానే పెట్టి, గట్టిగా ఏదో అరిచింది. అమ్మాయి గబుక్కున చెంచా అందుకుంది.

“ఏమంది?” అన్నాను.

“ఇంత చిక్కిపోయావేంటి, అక్కడ నీకు తిండి పెట్టేవాళ్ళు లేరా అని” అంటూనే ఏడ్చేసింది. ఏడుస్తూనే తింది. ముసలావిడ ఎదురుగా కూర్చుని తిడుతూనే ఉంది. ఆ తిట్లు నాకు అర్థం కాకపోయినా, మా అమ్మ తిట్లు ఏ వరసలో వచ్చేవో అవీ ఆ వరసలోనే వచ్చాయి. మధ్యలో నాకూ ఇంకో డిప్పలో అన్నం కలిపి ఇచ్చింది. ఈసారి చుట్టానికి వాటా ఉందనుకుని లొట్టలేస్తూ తిన్నాను. ఆ పీత పచ్చిదనీ, దాన్ని పొయ్యి మీద పెట్టనే లేదనీ అమ్మాయి నాకు చాండ్లర్ వచ్చేదాకా చెప్పలేదు. మంచి పని చేసింది.

అమ్మాయి సగం తిని ఆగిపోయింది. ఇక మింగుడు పడటం లేదు. డిప్ప పక్కన పెట్టి మొహం చేతుల్లో దాచుకుంది. బస్సుకి టైమవుతోంది. ముసలావిడ గిన్నెలు ఎత్తడానికి లేచింది. ఒకదాంట్లో ఒకటి పేర్చుకుంటూ కూతురి పళ్ళెం దగ్గరికి వచ్చి ఆగింది. డిప్పని తీసి చేతిలోకి తీసుకుంది. అందులో మిగిలిన అన్నాన్ని, కూతురి నోట్లోంచి వచ్చిన చెంచాతోనే గీకి, నిలబడే తినడం మొదలుపెట్టింది.

అమ్మాయి చేతులు తీసి చూసింది. చూసి, తనకివ్వమన్నట్టు చెయ్యి చాపింది. తల్లి ఇవ్వలేదు. చివరి మెతుకు దాకా తనే తినేసింది.